బ్రిస్టల్ బస్సులు, మన ఇంటిపేర్లు

ఇక్కడి బడుల్లో అక్టోబరును నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుతారు. పోయిన అక్టోబరులో మా అమ్మాయికి అందులో భాగంగా ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఏ మార్టిన్ లూథర్ కింగ్ గురించో రాస్తుందిలే అని ఊరుకున్నాను. తీరా చూస్తే టీచరు చెప్పింది మన పక్క ఊరి సంగతి రాయమని. స్విండన్ నుంచి బ్రిస్టల్‌కు రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళయింది, బ్రిస్టల్‌కు లెక్కలేనన్ని సార్లు వెళ్ళాను. అక్కడ 1963లో ఒక బస్సు బహిష్కరణ జరిగిందని మాత్రం నాకు తెలియదు. 381 రోజులు నడిచిన మాంట్‌గోమరీ ఉద్యమం గురించి కాలేజీ రోజుల్లోనే చదువుకున్నాను గానీ, నలభై మైళ్ళ దూరంలో జరిగినది నా చెవిన పడలేదు.

జరిగింది ఇది. ఆ రోజుల్లో బ్రిస్టల్ ఆమ్నిబస్ కంపెనీలో నల్లవాళ్ళకూ, ఆసియా వాళ్ళకూ వర్క్‌షాపుల్లోనో, క్యాంటీన్లలోనో పని దొరికేది. డ్రైవరుగానో, కండక్టరుగానో మాత్రం తీసుకునేవారు కాదు. ఇందులో యాజమాన్యం పాపం ఎంతో, కార్మిక సంఘం పాపమూ అంతే. రవాణా కార్మికుల సంఘం స్థానిక శాఖ 1955లోనే రంగు మనుషులను బస్సు సిబ్బందిలోకి రానివ్వకూడదని తీర్మానించుకుంది. బయటివాళ్ళు వస్తే ఓవర్‌టైం పోతుంది, జీతాలు పడిపోతాయి అన్నది వాళ్ళ భయం. ఐటీలో పనిచేసే మనకు ఈ మాట కొత్తేమీ కాదు. మనల్ని చూసి ఇతరులు అంటారు, మన వెనక వచ్చిన వాళ్ళను చూసి మనమూ అంటాం.

పాల్ స్టీఫెన్‌సన్ అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుడు అక్కడ యువజనాధికారిగా ఉండేవాడు. వెస్ట్ ఇండీస్ నుంచి వచ్చిన గై బెయిలీ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి కంపెనీలో ఇంటర్వ్యూ ఏర్పాటు చేయించాడు. అభ్యర్థి వెస్ట్ ఇండియన్ అని తెలియగానే ఇంటర్వ్యూ రద్దయింది. రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ వంటి వారు అప్పటికే ఒక సంఘం పెట్టుకుని ఉన్నారు. వాళ్ళూ స్టీఫెన్‌సనూ కలిసి ఏప్రిల్ 30 నుంచి బస్సులు ఎక్కవద్దని పిలుపునిచ్చారు. విశ్వవిద్యాలయం విద్యార్థులు ఊరేగింపు తీశారు. టోనీ బెన్, అప్పటి ప్రతిపక్ష నాయకుడు హెరాల్డ్ విల్సన్ మద్దతు పలికారు.

మద్దతిచ్చిన వారిలో ఒక పేరు క్రికెట్ పిచ్చి ఉన్న మన వాళ్ళకు తెలిసే ఉంటుంది, లియరీ కాన్‌స్టంటైన్. వెస్ట్ ఇండీస్ తొలితరం ఆల్‌రౌండర్, 1963 నాటికి లండన్‌లో ట్రినిడాడ్ హైకమిషనర్. 1943లో ఆయన్ను, అంతటి ఆటగాణ్ణి, లండన్‌లోని ఒక హోటల్ రంగు కారణంగా ఉండనివ్వలేదు. కోర్టుకు వెళ్ళి గెలిచాడు. పరిహారం ఎంతనుకున్నారు? ఐదు గినీలు. వర్ణవివక్షను నిషేధించే చట్టమే లేనప్పుడు కోర్టు మాత్రం ఇంకేం చేస్తుంది?

నాలుగు నెలలు గడిచాయి. ఆగస్టు 27న అయిదు వందల మంది బస్సు కార్మికులు సమావేశమై నిషేధం ఎత్తివేయడానికి ఒప్పుకున్నారు. మర్నాడు కంపెనీ ప్రకటించింది. అదే రోజు, 1963 ఆగస్టు 28న, వాషింగ్టన్‌లో కింగ్ తన కల గురించి ప్రసంగించాడు.

సెప్టెంబరు 17న మొదటి శ్వేతేతర కండక్టరు పనిలో చేరాడు. ఆయన పేరు రఘ్‌బీర్ సింగ్. ఇది చదివి మా అమ్మాయి తల ఎత్తింది. "డాడీ, పోరాడింది వెస్ట్ ఇండియన్స్ కదా, మొదటి ఉద్యోగం ఇండియన్‌కు వచ్చిందా?" అంది. అవునమ్మా అన్నాను. అంతకు మించి ఏమీ తోచలేదు.

ఆ మాటకొస్తే ఇక్కడ మనం అనుభవిస్తున్నది చాలామటుకు అలా వచ్చిందే. 1965లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది, కానీ అది ఉద్యోగాలనూ, ఇళ్ళనూ వదిలేసింది. మా స్విండన్ రైల్వే వర్క్‌షాపులతో పెరిగిన ఊరు కాబట్టి రైల్వే ఉదాహరణే చెబుతాను. ఆ చట్టం వచ్చాక కూడా 1966లో ఆస్క్విత్ జేవియర్ అనే గార్డుకు లండన్ యూస్టన్ స్టేషనుకు బదిలీ నిరాకరించారు. గొడవయ్యాకే ఇచ్చారు. ఉద్యోగాలూ ఇళ్ళూ చట్టం కిందికి వచ్చింది 1968లో. ఈనాక్ పవెల్ విషం కక్కిన ఉపన్యాసం చేసింది ఆ బిల్లు మీదనే.

మనవాళ్ళు అసలు పోరాడలేదని కాదు. 2006 నవంబరులో హెచ్.ఎస్.ఎం.పీ. వీసా నిబంధనలు మారి, అప్పటికే ఇక్కడున్న వాళ్ళకూ వర్తిస్తాయన్నప్పుడు, వలసదారులు ఫోరంగా ఏర్పడి హైకోర్టుకు వెళ్ళి 2008 ఏప్రిల్‌లో గెలిచారు. నేనూ చందా కట్టాను. అదే నెలలో భారతీయ వైద్యుల సంఘం హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచింది. 2025 మేలో స్థిర నివాసానికి అయిదేళ్ళ గడువును పదేళ్ళు చేస్తామని ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చినప్పుడు కుర్రాళ్ళు ఈ పాత తీర్పులనే తవ్వి తీశారు. మన వీసా దగ్గరికి వస్తే మనకు చురుకెక్కువ.

ఇంకో విషయంలో అంత చురుకు లేదు. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు ఉంచారు. 2013లో చేర్చి తీరాలని పార్లమెంటు సవరించింది. 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చేసింది. వద్దని గట్టిగా వాదించిన వాళ్ళలో మన భారతీయ సంఘాలే ఉన్నాయి. కులం ఇక్కడ లేదు, చట్టం పెడితేనే వస్తుందని వాదన. ఈలోగా 2015లో ఒక ట్రిబ్యునల్, బీహారు ఆదివాసీ పనిమనిషికి భారతీయ యజమానులు బకాయిపడ్డ జీతం కిందనే దాదాపు 1,84,000 పౌండ్లు కట్టాలని తీర్పు చెప్పింది. కులం సంగతి జాతిమూలాల కింద విచారించవచ్చని ఆ కేసులోనే 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది.

కులం ఇక్కడ లేదని నేనూ అనేవాణ్ణి. మా ఇంట్లో పైగది ఖాళీగా ఉంటే అద్దెకిద్దామని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు, పేరు చెప్పాడు. "ఏ ఊరు బాబూ?" అన్నాను. చెప్పాడు. "ఇంటిపేరు?" అన్నాను. చెప్పాడు. నాకు తెలియలేదు. "అంటే... మీరు ఎవరు?" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత చేస్తానంకుల్ అని పెట్టేశాడు.

నేను 2005లో వచ్చిన కొత్తలో ఒక తెల్లాయన గది చూపించడానికి రమ్మని, నన్ను గుమ్మంలో చూశాక గది ఇప్పుడే పోయిందన్నాడు. ఆ కథ నేను చాలా పార్టీల్లో చెప్పాను. ఈ ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు. పక్క గదిలో ప్రాజెక్టు రాసుకుంటున్న మా అమ్మాయి వినింది. "డాడీ, నువ్వు అతన్ని ఏమడిగావు?" అంది.

తర్వాతి శనివారం ఇద్దరం బ్రిస్టల్ వెళ్ళాం. బస్ స్టేషన్లో 2014లో పెట్టిన ఒక ఫలకం ఉంది, ఆ ఉద్యమం గుర్తుగా. జనం సూట్‌కేసులు లాక్కుంటూ దాని ముందు నుంచే పోతున్నారు. మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ఫోటో తీసుకుంది. తిరుగు రైల్లో ఆ కుర్రాడి నంబరుకు ఫోన్ చేశాను. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. గది ఉంది, అడిగింది తప్పు, వచ్చి చూడమని మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.