కాలికి చోటు: రికాబు నుండి హైవే పెగ్గు వరకు

కుర్చీలో గంటసేపు కూర్చున్న మనిషిని గమనింపుడు. అతడు ఒకమారు కాలు చాపును, మరొకమారు ముడుచును, ఇంకొకమారు కాలిమీద కాలు వేసికొనును. ఈ మార్పులు చేయుచున్నట్లు అతనికే తెలియదు. మోటారు సైకిలుపై పోవువానికి ఈ స్వేచ్ఛ లేదు. అతని పాదములు రెండు చిన్న కడ్డీలపై నుండవలెను. ఒక పాదము క్రింద బ్రేకు, రెండవ పాదము క్రింద గేరు మీట వేచియుండును. నూరు కిలోమీటర్లు పోవుసరికి మోకాళ్ళు పట్టివేయుట, పిక్కలు బిగుసుకొనుట, నడుము నొచ్చుట సహజము. ఈ బాధను తప్పించుటకై వాహనమునకు ముందువైపున మరొక జత కడ్డీలను అమర్చుకొనుట అమెరికాలో చిరకాలముగా నున్న అలవాటు. వానిని హైవే పెగ్గులందురు. నేడు మన దేశములో కూడ దూరప్రయాణములు చేయువారు వీనిని కొనుచున్నారు. వీనిని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలియుటకు మొదట పాదమునకు ఆ మొదటి చోటు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మంచిది.

గుఱ్ఱము మీది పాదము

గుఱ్ఱపు స్వారి నేర్చిన తరువాత చాల శతాబ్దములవరకు మానవుని కాళ్ళు గాలిలో వ్రేలాడుచునే యుండెను. సాంచి మొదలగు ప్రాచీన శిల్పములలో రౌతు కాలి బొటనవ్రేలిని మాత్రము దూర్చుకొను ఉచ్చువంటి ఆధారమును చరిత్రకారులు గుర్తించిరి. చెప్పులు లేని కాలికి, వేడి దేశమునకు అది తగిన సాధనమే. పాదమంతయు ఆనించుటకు వీలైన గట్టి రికాబు (దీనినే మన పెద్దలు అంకవన్నె యనిరి) తరువాతి కాలమున వచ్చినది. చైనాలో క్రీ.శ. 415 లో మరణించిన ఫెంగ్ సూఫు అను ప్రముఖుని సమాధిలో ఒక జత రికాబులు దొరికినవి. లోపల కొయ్య, పైన బంగారు పూత పూసిన కంచు రేకు.

రికాబు వలన రౌతుకు రెండు లాభములు కలిగెను. కాళ్ళ బరువు తొడలనుండి వ్రేలాడుట తప్పినది. అంతకంటె ముఖ్యముగా, గుఱ్ఱము గంతు వేసినపుడు అతడు జీనునుండి కొంచెము లేచి, ఆ కుదుపును మోకాళ్ళతో భరింపగలిగెను. పాదాధారము విశ్రాంతికి మాత్రమే గాక స్వాధీనమునకు కూడ సాధనమని మానవుడు నేర్చిన పాఠమిది. దీనిని గుర్తుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

సైకిలు యుగము

1817 జూన్ 12 న జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ తన రెండు చక్రముల బండిపై మాన్‌హైమ్ నగరమునుండి బయలుదేరి, కొన్ని కిలోమీటర్లు పోయి, తిరిగి వచ్చెను. రాకపోకలకు గంటకంటె తక్కువ కాలమే పట్టినది. ఆ బండికి పెడలు లేదు. నడపువాడు నేలను కాళ్ళతో తన్నుచు పోవలసినదే. 1860 ప్రాంతపు దశాబ్దములో ఫ్రాన్సులో ముందు చక్రపు ఇరుసుకు పెడళ్ళు బిగించిరి. అపుడు పాదములకు ఒక చోటు దొరకినది గాని, క్రొత్త చిక్కొకటి వచ్చెను.

ఆ పెడళ్ళు చక్రముతో గట్టిగా బిగింపబడినవి. చక్రము తిరుగునంతవరకు పెడలు తిరుగవలసినదే. పల్లములో బండి వేగముగా జారునపుడు పెడళ్ళు గిరగిర తిరుగుచుండ, కాళ్ళు వానిని అందుకొనలేకపోయెడివి. అందువలన బండి ముందుభాగమున కాళ్ళు చాచి పెట్టుకొనుటకు చిన్న ఆధారములను అమర్చిరి. 1885 లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును తయారుచేసిన తరువాత కూడ చాల సైకిళ్ళకు ముందు ఫోర్కుపై ఇట్టి చిన్న కడ్డీలుండెడివి. పల్లము రాగానే పాదములను పెడళ్ళనుండి తీసి వానిపై పెట్టి సుఖముగా జారిపోవుట ఆనాటి వారి వినోదము.

నేటి హైవే పెగ్గునకు ముత్తాత ఇదియే. కాలికి పని లేనపుడు ముందుకు చాచుకొను చోటు అది. వెనుక చక్రము తిరుగుచున్నను పెడలు కదలకుండ నిలుపు ఫ్రీవీలు 1900 ప్రాంతమున వాడుకలోనికి రాగా, ఈ కడ్డీల అవసరము తీరిపోయి అవి మాయమయ్యెను. కాని వానితో ముడిపడిన ప్రమాదమొకటి గలదు. ఆ రోజులలో చాల సైకిళ్ళకు పెడలును వెనుకకు అదుముటయే ముఖ్యమైన బ్రేకు. కాళ్ళు కడ్డీలపై నున్నంతసేపు ఆ బ్రేకు లేనట్లే! కాలికి సుఖము, బండికి స్వాధీనము అను రెండింటికి పోటీ ఆనాడే మొదలయినది.

ఇంజను వచ్చిన తరువాత

1885 లో గొట్లీబ్ డైమ్లర్ పెట్రోలు ఇంజనుతో నడచు కొయ్య బండిని నిర్మించెను. ఆ నవంబరులో అతని కుమారుడు దానిని నడిపెను. దాని ఇంజను శక్తి సుమారు అర అశ్వశక్తి; వేగము గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఆ తరువాత చాల కాలము మోటారు సైకిలనగా ఇంజను బిగించిన సైకిలే. ఇంజనును బయలుదేరదీయుటకు, మెట్టపై దానికి సాయపడుటకు పెడళ్ళు అవసరమయ్యెను. 1907 లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరిగిన మొదటి టి.టి. పందెములో పెడళ్ళకు అనుమతి యుండెను. 1908 లో వానిని నిషేధించిరి. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ స్కాట్ కాలితో తన్ని ఇంజనును కదలించు కిక్‌స్టార్టరును ప్రవేశపెట్టెను. పెడలుకు పని పోయినది. దాని స్థానమున కదలని ఫుట్‌రెస్టు వచ్చినది.

ఇచట రెండు దేశములు రెండు దారులు త్రొక్కినవి. అమెరికాలో దూరములు ఎక్కువ, నాటి దారులు గతుకులు. అక్కడ వెడల్పయిన ఆసనము, పాదమంతయు ఆనునట్టి పలకలు వాడుకలోనికి వచ్చినవి. గేరును చేతితో మార్చెడివారు, క్లచ్చిని కాలితో నడిపెడివారు. పలకపై పాదమును ముందుకు, వెనుకకు జరుపుకొనుటకు వీలుండెను. ఇంగ్లండులో పందెముల ప్రభావము వలన సన్నని కడ్డీలు స్థిరపడెను. 1920 దశాబ్దము చివర వెలోసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విల్లిస్, మీటను ఒక్కమారు తట్టినంతనే ఒక్క గేరు మాత్రమే మారునట్టి కాలి గేరును రూపొందించెను. ఇది గొప్ప సౌకర్యము. కాని దానితో పాదము ఆ మీటకు కట్టుబడిపోయెను. నేడు మన దారులపై తిరుగు మోటారు సైకిళ్ళలో పాదములకు కదలిక లేకపోవుటకు కారణమిదియే.

1956 లో అమెరికా ప్రభుత్వము 41,000 మైళ్ళ అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణమునకు చట్టము చేసినది. మలుపులు తక్కువ, కూడళ్ళు లేవు. గంటలతరబడి గేరు మార్చు పనిలేదు. ఇంజనును రక్షించుటకు ముందు బిగించిన ఇనుప గొట్టముపై (మనము క్రాష్ గార్డు, లెగ్ గార్డు అనునదే) ప్రయాణికులు కాళ్ళు చాచి పెట్టసాగిరి. గుండ్రని గొట్టముపై మడమ జారును గదా! దానికి బిగించు చిన్న కడ్డీలను అమ్మకమునకు తెచ్చిరి. వాని పేరే హైవే పెగ్గు. పల్లములో జారు నాటి సైకిలువాని కడ్డీ ఈ విధముగా మరల పుట్టినది.

శరీరము ఏమి చెప్పును?

ఒకే భంగిమలో నున్న కండరము పని చేయనట్లు కనబడినను అది బిగిసియే యుండును. బిగిసిన కండరములో రక్తప్రసారము తగ్గును. కాళ్ళలోని సిరలనుండి రక్తము గుండెవైపునకు పైకి పోవుటకు పిక్కల కండరముల కదలిక సాయపడును. కదలిక లేనిచో తిమ్మిరి, వాపు వచ్చును. కనుక హైవే పెగ్గు వలని మేలు, అది మొదటి చోటుకంటె మంచి చోటగుట కాదు. అది రెండవ చోటగుటయే. పది నిమిషములు అక్కడ, పది నిమిషములు ఇక్కడ అను మార్పులో సుఖమున్నది.

ముందు చోటుకు నష్టములు కూడ గలవు. దీనికి తరగతిలో చేయదగిన సులభమైన పరీక్ష ఒకటున్నది. విద్యార్థిని కుర్చీలో కూర్చుండబెట్టి, పాదములను ముందుకు బాగుగా చాపించి, చేతులు ఆనించక లేవుమనుడు. అతడు లేవలేడు. పాదములను కుర్చీ క్రిందికి లాగుకొన్నచో సులభముగా లేచును. శరీరపు గరిమనాభి పాదములపైకి రానిదే నిలుచుట అసాధ్యము. హైవే పెగ్గుపై కాళ్ళున్నవాడు కూడ ఇట్లే. గోతిలో చక్రము పడినపుడు అతడు ఆసనమునుండి లేవజాలడు. ఆ కుదుపంతయు పిరుదుల ఎముకలద్వారా వెన్నెముకకు చేరును. రికాబు నేర్పిన పాఠము ఇచట తలక్రిందులగుచున్నది.

రెండవది కాలము. గంటకు 90 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 25 మీటర్లు. ముందుకు చాచిన పాదమును బ్రేకుపైకి తెచ్చుటకు అర సెకండు అధికముగా పట్టినచో, ఆ లోపల బండి 12.5 మీటర్లు పోవును. మన దారిలో అడ్డు వచ్చు గేదెకు, బాలునికి ఆ 12.5 మీటర్లే ప్రాణము.

ఎన్నుకొను విధానము

మొదట బండిని కదలకుండ నిలిపి, ఆసనముపై వెనుకకు సరిగా కూర్చుండుడు. కాళ్ళు ముందుకు చాచినపుడు మోకాలు కొంచెము వంగియే యుండవలెను. పూర్తిగా చాచినచో తొడ వెనుకటి కండరములు లాగి, నడుము గుండ్రమగును. ఆ నొప్పి ముందటి నొప్పికంటె హెచ్చు. మీరు కూర్చుండగా మరొకరు మడమ సహజముగా ఆనుచోటును గొట్టముపై గుర్తుపెట్టవలెను. అమెరికా బండ్ల గార్డులకు 1¼ అంగుళముల గొట్టము సాధారణము, ఇతర బండ్లకు వేరు. గొట్టపు వ్యాసమును కొలిచియే బిగింపు పట్టీని కొనవలెను. వదులైన పట్టీ కాలి బరువునకు తిరిగిపోవును.

కడ్డీ పైకి మడుచునదై యుండవలెను. మలుపులో బండి ఒరిగినపుడు గట్టి కడ్డీ నేలకు తగిలిన చక్రము లేచి జారవచ్చును. మడుచు కడ్డీ తగిలినను పైకి లేచిపోవును. దానిపై రబ్బరు తొడుగున్నచో ఇంజను కంపనము తగ్గును. పొగగొట్టపు వేడి కాలికి తగులునేమో చూడవలెను. గాలి ఒత్తిడిని కూడ లెక్కింపవలెను. వేగము రెట్టింపయిన ఆ ఒత్తిడి నాలుగు రెట్లగును. చాల వెడల్పుగా అమర్చిన కడ్డీలపై మోకాళ్ళు గాలికి విడిపోవును. కట్టకడపట, కన్నులు దారిమీదనే యుంచి పాదమును బ్రేకుపైకి తేగలుగుదురేమో నిలిచిన బండిపై పదిమార్లు పరీక్షింపుడు. తేలేకపోయినచో ఆ చోటు ఎంత సుఖమైనను తగదు. తేగలిగినను ఊళ్ళలో, కూడళ్ళలో, తడి రోడ్డుపై, కంకరపై పాదము మొదటి చోటనే యుండవలెను.

మూడు చక్రముల బండి, అనగా ట్రైకు, విషయము కొంత వేరు. హార్లే కంపెనీ 1932 నుండి 1973 వరకు తయారుచేసిన సర్వీ కార్ అను ట్రైకును అమెరికా పోలీసులు విశేషముగా వాడిరి. సాధారణ ట్రైకు మలుపులో ఒరగదు, కనుక కడ్డీ నేలకు తగులు భయము తక్కువ. నిలిచినపుడు కాలు దింపవలసిన పనియు లేదు. కాని వెనుక రెండు చక్రములున్న ట్రైకులో ఆ చక్రములు నడపువాని కాలికి సరిగా వెనుక నుండును. కడ్డీనుండి జారి నేలను తాకిన పాదము చక్రము క్రిందికి పోవచ్చును. కావున ట్రైకునకు వెడల్పయిన, మడమ జారని ఆధారము కావలెను. 2007 లో వచ్చిన కాన్ ఆమ్ స్పైడర్ వంటి బండిలో మూడు చక్రముల బ్రేకు ఒక్క కుడి పాదము క్రిందనే యున్నది. చేతి బ్రేకు లేదు. అట్టి బండిపై కుడికాలు చాచుట చేతికి అందు బ్రేకు గల బండిపై చాచుటకంటె ఎక్కువ ప్రమాదము.

మన దేశములో వెనుక కూర్చుండువారి పాదములను గూర్చి చట్టమే పలికినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలోని 123 వ నియమము ప్రకారము వెనుక సీటు గల మోటారు సైకిలుకు పట్టుకొనుటకు పిడి, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రములో చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగము కప్పు రక్షణ ఉండి తీరవలెను. చీరకొంగు చక్రమున చిక్కి జరుగు ప్రమాదములు ఎరిగినవారికి దాని విలువ తెలియును. ముందటి హైవే పెగ్గులకు ఆశపడువారు మొదట వెనుకనున్నవారి ఫుట్‌రెస్టు గట్టిగా నున్నదో లేదో చూచుకొనుట న్యాయము.

చివరకు ఉపాధ్యాయులకు ఒక ప్రయోగము. విద్యార్థిని గోడకు ఎదురుగా ఎత్తైన బల్లపై కాళ్ళు చాపి కూర్చుండబెట్టి, మీటరు బద్దను గోడకు ఆనించి, దాని క్రిందికొన విద్యార్థి బొటనవ్రేలి ఎత్తున నుండునట్లు పట్టుకొనుడు. హఠాత్తుగా విడువుడు; విద్యార్థి పాదముతో బద్దను గోడకు అదిమి ఆపవలెను. ఎంత జారినదో కొలిచినచో, s = ½gt² అను సూత్రమునుండి కాలము తెలియును. తరువాత అదే పాదమును బల్లపైనే ప్రక్కకు దూరముగా నుంచి మరల చేయింపుడు. మీటరు బద్ద పూర్తిగా జారిపోవుటకు 0.45 సెకండు చాలును. రెండవ పరీక్షలో పాదము చేరుసరికి బద్ద మొదటిమారు కంటె ఎక్కువ జారును.