నెట్‌వర్కు నిల్వ పరికరములో ఫోల్డరు అనుమతులు

నెట్‌వర్కుకు అనుసంధానించబడి, అనేకమంది వాడుకరులు తమ ఫైళ్ళను ఒకేచోట దాచుకొనుటకు ఉపయోగపడే పరికరమును నెట్‌వర్కు నిల్వ పరికరము లేదా క్లుప్తముగా నాస్ అంటారు. అందులోని ఏ ఫోల్డరును ఎవరు చూడవచ్చును, ఎవరు మార్చవచ్చును, ఎవరికి ప్రవేశము లేదు అని నిర్ణయించే నియమాలే ఫోల్డరు అనుమతులు.

చరిత్ర

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో యునిక్సు యంత్రాల కొరకు ఎన్.ఎఫ్.ఎస్.ను రూపొందించినది. విండోసు వాడే ఎస్.ఎం.బి. పద్ధతి ఐ.బి.ఎం.లో పుట్టినది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో విడుదల చేసిన సాఫ్టువేరు తరువాత సాంబా అను పేరుతో ప్రసిద్ధమైనది. సైనాలజీ, క్యూనాప్ వంటి పరికరాలు లినక్సుపై నడుస్తూ సాంబానే ఉపయోగిస్తాయి.

అనుమతుల విధానము

అనుమతులు ముఖ్యముగా మూడు: ప్రవేశ నిషేధము, చదువుటకు మాత్రమే, చదువుటకు-వ్రాయుటకు. రావికమతం వంటి మండల కేంద్రములోని ఒక ఉన్నత పాఠశాలలో ఇట్టి పరికరమున్నదనుకొందాము. 'మార్కులు' అను ఫోల్డరులో ఉపాధ్యాయులు వ్రాయవలెను, గుమాస్తా చదివితే చాలును, విద్యార్థులకు అది కనబడనే కూడదు. ఒక్కొక్కరికి విడివిడిగా అనుమతులిచ్చుట కన్న 'ఉపాధ్యాయులు', 'కార్యాలయము', 'విద్యార్థులు' అను సమూహాలను ఏర్పరచి, వాటికే అనుమతులిచ్చుట మేలు. ఒకరు బదిలీ అయినపుడు ఆ పేరును సమూహము నుండి తొలగిస్తే సరిపోతుంది.

ఒకే వ్యక్తి రెండు సమూహాలలో ఉంటే చిక్కు వస్తుంది. పై రెండు సంస్థల పరికరాలలో నిషేధానిదే పైచేయి; ఆ తరువాత వ్రాత అనుమతి, చివర చదువు అనుమతి. కనుక గుమాస్తాను పొరపాటున 'విద్యార్థులు' సమూహములో చేర్చినచో, కార్యాలయపు అనుమతి ఉన్ననూ తలుపు మూసుకుంటుంది. సమూహాన్ని సరిదిద్దిన పిదప కూడా ఫోల్డరు తెరుచుకొనకపోతే, ఆ వాడుకరి కంప్యూటరు నుండి నిష్క్రమించి మరల ప్రవేశించవలెను.

విండోసు సర్వరులో రెండు పొరలున్నాయి: పంచుకొన్న ఫోల్డరుకు ఒక అనుమతి, డిస్కుపై ఫైలుకు మరొకటి. నెట్‌వర్కు ద్వారా వచ్చేవారికి ఈ రెండింటిలో కఠినమైనదే వర్తిస్తుంది.

భద్రత

2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై ఎస్.ఎం.బి. మొదటి రూపాంతరములోని లోపమును వాడుకొన్నది. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినాయి. ఆ లోపమునకు అనుమతులతో పనిలేదు, మైక్రోసాఫ్టు అదే సంవత్సరము మార్చిలో ఇచ్చిన సవరణే దానికి మందు. సాధారణ రాన్సమ్‌వేరు సంగతి వేరు. అది ఏ వాడుకరి కంప్యూటరులో చేరినదో ఆ వాడుకరికి వ్రాత అనుమతి ఉన్న ఫోల్డర్లన్నిటినీ పాడుచేయగలదు. కావున చదివితే చాలినవారికి వ్రాత అనుమతి ఇవ్వరాదు. నిర్వాహకుని ఖాతాను కూడా రోజువారీ పనులకు వాడరాదు.