బళ్లారి ప్రాంతంలో ప్రజాపాలన: చరిత్ర

బళ్లారి ప్రాంతం అంటే ఇక్కడ కర్ణాటకలోని నేటి బళ్లారి, విజయనగర జిల్లాలూ, 1953లో వాటినుంచి విడిపోయి ఆంధ్రకు వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలూ. తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో వినిపించే సీమ ఇది. ఊరి వ్యవహారాలలో ఊరివాళ్ల మాట ఎంతవరకు చెల్లిందన్నదే ఈ వ్యాస విషయం.

యవనుల (గ్రీకుల) పద్ధతి. ప్రజాస్వామ్య చరిత్రను గ్రీకు నగరమైన ఏథెన్సుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. క్రీ.పూ. 508-507 ప్రాంతంలో క్లెయిస్థెనీస్ అక్కడి పౌరులను పది తెగలుగా విడగొట్టాడు. తెగకు యాభైమంది చొప్పున చీట్లు వేసి తీసిన అయిదువందల మంది సభ, రోజువారీ పనులు చూసేది. యుద్ధం, సంధి, చట్టం వంటివి నిక్స్ గుట్టమీద కూడిన పౌరులందరూ చేతులెత్తి తేల్చేవారు. కొన్ని నిర్ణయాలకు ఆరువేల మంది ఉండి తీరాలి. తీర్పరులూ చాలామంది అధికారులూ చీట్లతోనే వచ్చేవారు. సేనానులను మాత్రం ఎన్నుకునేవారు. స్త్రీలకు, బానిసలకు, పరాయి ఊరినుంచి వచ్చి స్థిరపడినవారికి అక్కడ చోటు లేదు. క్రీ.పూ. 322లో మాసిడోనియా సేనలు ఆ ఏర్పాటును కూలదోశాయి.

ఈ సీమకు గ్రీకుల పేర్లు చేరిన మాట నిజమే కాని, సభల ఊసు వాటితోపాటు రాలేదు. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడి బండలమీద అశోకుడు చెక్కించిన శాసనాలలో అంతియోకుడు, తురమాయుడు మొదలైన యవన రాజులు కనిపిస్తారు. అప్పటికి ఏథెన్సు సభ అణగి అరవై ఏళ్లు దాటింది. అక్కడి మరో శాసనం, రాజూకులనే అధికారులు భేరి మోగించి జానపదులకు రాజాజ్ఞ వినిపించాలని చెబుతుంది. సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు, ఉదెగోళం శాసనాలూ ఆ కాలానివే. ఆజ్ఞ పైనుంచి కిందికే దిగేది.

మధ్యయుగం. చాళుక్యుల కాలంనుంచి అగ్రహారాలలో మహాజనులు, పేటలలో వర్తక సంఘాలు కూడి దానాలు, సుంకాలు, చెరువుల సంగతి తేల్చుకున్నట్టు కన్నడ దేశపు శాసనాలు చెబుతాయి. మహాజనులంటే బ్రాహ్మణులే, అందరూ కారు. విజయనగర కాలంలో ఊరి పని రెడ్డి, కరణం, తలారి, నీరుగట్టి మొదలైన పన్నిద్దరు ఆయగాళ్ల (గ్రామోద్యోగుల) చేతిలో ఉండేది. ఆ తర్వాత పాలెగాళ్లు, హైదరు, టిప్పు, నైజాము ఏలారు.

మన్రో, 1816 రెగ్యులేషన్లు. 1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఎనభైమంది దాకా ఉన్న పాలెగాళ్ల జోరు అణిచి, పొలం పొలమూ కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకున్నాడు. ఆయన పేరిట పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు రాయలసీమలో ఉండేవని చెబుతారు. తెల్లదొరలలో ఇలాంటి మన్నన దక్కినవాళ్లు అరుదు.

ఊరి తగువు ఊళ్లోనే తెగాలని మన్రో గట్టిగా నమ్మాడు. ఆయన అధ్యక్షతన పనిచేసిన న్యాయ సంఘం కృషి ఫలితంగా 1816లో మద్రాసు ప్రభుత్వం వరుసగా రెగ్యులేషన్లు తెచ్చింది. నాలుగో రెగ్యులేషను రెడ్డిని గ్రామ మునసబును చేసి, పది రూపాయలకు మించని చిన్న దావాలు తీర్చే అధికారమిచ్చింది. అయిదో రెగ్యులేషను, వాది ప్రతివాదులిద్దరూ ఒప్పుకుంటే ఊరి పంచాయతీ కూర్చోవచ్చంది. ఆ ‘ఒప్పుకుంటే’ దగ్గరే బండి ఆగింది. గెలుస్తానన్న ధీమా ఉన్నవాడు కోర్టుకే పోయేవాడు. రచ్చకట్టమీద కూర్చున్న పెద్దలకు పని మానుకున్నందుకు కూలి లేదు. ఏథెన్సు వాళ్లు సభకు వచ్చినవారికి, తీర్పరులకు భత్యమిచ్చేవారు. మన్రో ఏర్పాటులో అది లేకపోయింది.

1882లో అనంతపురం వేరు జిల్లా అయింది. అదే ఏడు వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. ఓటు పన్ను కట్టే కొందరికే. 1920 చట్టాలతో ఎన్నిక విస్తరించింది. వయోజనులందరికీ ఓటు ఉన్న గ్రామ పంచాయతీలు 1950 మద్రాసు చట్టంతో వచ్చాయి.

1953 విభజన. ఈ ప్రాంత చరిత్రలో ఇంతకు మించిన నిర్ణయం లేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న మరణించాక, నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆ రాష్ట్రాన్ని ప్రకటించాడు. రాష్ట్ర ఏర్పాటుకు సంబంధించిన సంగతులు పరిశీలించడానికి రాజస్థాన్ ప్రధాన న్యాయమూర్తి కైలాస్‌నాథ్ వాంఛూను నియమించారు. 1953 మార్చి 25న నెహ్రూ పార్లమెంటులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకని, హొసపేట, కూడ్లిగి, సిరుగుప్ప, సండూరు, హడగలి, హరపనహళ్లి మైసూరుకని చెప్పాడు. బళ్లారి తాలూకా మాత్రం తేలలేదు. దానికోసం హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను పంపారు. ఇరుపక్షాలవారూ వినతులతో ఆయన ముందు నిలిచారు. తాలూకా మైసూరుకే పోవాలని మిశ్రా చెప్పాడు. 1953 అక్టోబరు 1న విభజన అమలైంది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరాయి.

అంతటితో ముగియలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ఆనకట్టను దృష్టిలో పెట్టుకుని బళ్లారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకివ్వాలని సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికల్లో టేకూరు సుబ్రహ్మణ్యాన్ని లోక్‌సభకు పంపిన ఈ ఓటర్లను, ఏ రాష్ట్రంలో ఉంటారని మాత్రం ఎవరూ ఓటు ద్వారా అడగలేదు. న్యాయమూర్తులు నిజాయితీగానే పనిచేశారు. అయినా అది చేతులెత్తి తేల్చిన విషయం కాదు.

సరిహద్దుకు అటూ ఇటూ. ఒకే చట్టం కింద ఉన్న ఊళ్లు ఆ తర్వాత రెండు దారులు పట్టాయి. మైసూరు వైపు వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసే చట్టం 1961లోనే వచ్చింది. ఇటు రాయదుర్గం, ఆలూరు ఊళ్లలో మునసబు, కరణం 1984 దాకా ఉన్నారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం వాళ్లను తొలగించి, తర్వాత సమితుల స్థానంలో మండలాలు తెచ్చింది.

కర్ణాటకలో పంచాయత్ రాజ్ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ హయాంలో వచ్చిన 1983 పంచాయతీ చట్టం మహిళలకు నాలుగో వంతు సీట్లు కేటాయించింది. 1993 పంచాయత్ రాజ్ చట్టానికి నడుం కట్టిన మంత్రి ఎం.వై. ఘోర్పడే సండూరు రాజకుటుంబీకుడు. 1949 దాకా సంస్థానాన్ని ఏలిన ఇంటినుంచి వచ్చి, ఊరి పాలన ఊరికి అప్పగించే చట్టం నడిపించడం మెచ్చదగిన సంగతే.

ఆంధ్రలో సాధారణంగా ఊరికో పంచాయతీ; సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. బళ్లారి వైపు అయిదారు వేల జనాభాకు, కొన్ని ఊళ్లు కలిపి ఒక గ్రామ పంచాయతీ. సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. రాయదుర్గం పక్క రైతు సర్పంచి ఇంటికి పోయి తలుపు తడితే, పొలం గట్టు దాటిన అతని బంధువు తన ఊరి మెంబరును పట్టుకుని, అతని ద్వారా అధ్యక్షుడి దాకా పోవాలి. రెండు వైపులా ఓట్లు సమానమైతే మాత్రం అధికారి చీటీ తీస్తాడు.

1999 లోక్‌సభ ఎన్నికల్లో సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ పోటీతో బళ్లారి పేరు దేశమంతా మోగింది. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. అదే ఏడాది కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు తీరింది. ఎన్నికలు వాయిదాపడుతూ రావడంతో వాటి పాలన అధికారుల చేతికి వెళ్లింది.