ఓరుగల్లు నుండి బస్తరుకు: ఒక రాజవంశావళి

రాయ్‌పూర్ నగరంలోని మోవా నుండి దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణిస్తే, పూర్వపు బస్తరు సంస్థాన రాజధాని జగదల్‌పూర్ చేరుకుంటాము. అక్కడి రాజకుటుంబీకులు తాము కాకతీయులమని చెప్పుకొంటారు. ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగువారికి ఆ మాట వింటే గర్వం కలగడం సహజం. అయితే వంశావళి కూడా ఒక చారిత్రక పత్రమే. తక్కిన పత్రాలవలెనే దానినీ పరీక్షించి చదవాలి.

ఈ సంబంధానికి ప్రధానాధారం దంతెవాడలోని దిక్పాలదేవుని శాసనం. 1703లో ఆ రాజు సకుటుంబంగా దంతేశ్వరీదేవిని సేవించిన సందర్భంలో దీనిని రెండు శిలలపై చెక్కించినారు. ఒకటి సంస్కృతంలో, రెండవది దేశభాషలో ఉన్నవి. కలియుగంలో సంస్కృతం చదవగలవారు అరుదు గనుక భాషలోను వ్రాసినట్లు రచయిత భగవాన్ మిశ్రుడే చెప్పినాడు. అనగా ఈ వంశావళి కేవలం పండితుల కొరకు పుట్టినది కాదు. కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తరుకు వచ్చి రాజ్యం స్థాపించినాడనీ, దిక్పాలుడు ఆయన సంతతివాడనీ అందులోని సారాంశం.

ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైనది 1323లో. అప్పటికీ శాసనకాలానికీ నడుమ 380 సంవత్సరాలు గడిచినవి. ఇంత కాలానికి శాసనం చూపేది సుమారు పది తరాలు. తరానికి 38 ఏండ్ల సగటు నమ్మదగినది కాదు. నడుమ కొన్ని పేర్లు జారిపోయి ఉండవలెను. అంతమాత్రాన మూలకథ కల్పితమని తేల్చివేయడం తొందరపాటని నా అభిప్రాయం.

మూలపురుషుల విషయం మరింత ఆసక్తికరమైనది. దంతెవాడ శాసనం ఈ వంశాన్ని పాండవులతో కలుపుతున్నది. గణపతిదేవుని మోటుపల్లి శాసనమో, కాకతీయులను సూర్యవంశజులన్నది! వారి సామంతుల శాసనాలు కొన్ని దాపరికం లేకుండా వారిని చతుర్థకులజులనే పేర్కొన్నవి. ఇది మనవారికే పరిమితమైన అలవాటు కాదు. జర్మను చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ (మరణం 1519) తన హాబ్స్‌బర్గ్ వంశానికి ట్రాయ్ వీరుడైన హెక్టరును మూలపురుషునిగా చూపించుకొన్నాడు.

పురుషుల పేర్ల వరుసగా వ్రాసిన ఈ వంశవృక్షం నిజానికి కుమార్తెల వలన నిలిచినది. గణపతిదేవునికి కుమారులు లేరు. కుమార్తె రుద్రమదేవి 1262 నుండి 1289 వరకు పాలించినది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామంతో పేర్కొన్నవి. ఆమెకును కుమారులు లేరు. కుమార్తె ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. అన్నమరాజు ఆయన తోబుట్టువే అయిన పక్షంలో, బస్తరు శాఖ మొదటినుండి దౌహిత్ర సంతానమే.

ఆరు శతాబ్దాల అనంతరం బస్తరులోను అదే జరిగినది. 1921లో మరణించిన రుద్రప్రతాపదేవునికి కుమారులు లేకపోగా, బాలిక అయిన ప్రఫుల్లకుమారీదేవి సింహాసనం అధిష్ఠించినది. ఆమె భర్త ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజవంశీయుడు. 1936లో ఆమె లండన్‌లో మరణించినది. ఆస్ట్రియాలో 1740లో హాబ్స్‌బర్గ్ పురుషశాఖ అంతరించినపుడు మరియా థెరీసా సంతతి తల్లి వంశనామాన్ని తండ్రి పేరుకు ముందు నిలుపుకొని హాబ్స్‌బర్గ్-లొరేన్ అయినది. బస్తరులో మాత్రం బిడ్డలకు తండ్రి ఇంటిపేరు భంజ్‌దేవ్ వచ్చినది. కాకతీయ నామం ఇంటిపేరులో లేదు, జనుల నాలుకపై మిగిలినది.

ఆ నమ్మకం విలువ తక్కువది కాదు. ప్రఫుల్లకుమారి కుమారుడు ప్రవీరచంద్రుని ఆదివాసులు దంతేశ్వరి ప్రధానార్చకునిగా, దైవసమానునిగా ఆరాధించినారు. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కూడా వారికి ఆయనే రాజు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులలో ఆయనా, ఆయనతో ఉన్న ఆదివాసులు కొందరూ మరణించినారు. వంశం ఆయన తమ్ముడు విజయచంద్రుని శాఖలో సాగినది. ఆ శాఖకు చెందిన కమలచంద్ర భంజ్‌దేవ్ 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్ వచ్చినపుడు ఆయనకు కాకతీయ వంశజునిగానే స్వాగతం లభించినది.