కెర్నెల్ కూలినప్పుడు: ఆచూకీ తీసే పద్ధతుల చరిత్ర

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ప్రతిసారీ కూలితే కారణం త్వరగానే తేలుతుంది. 2024 జూలై 19న భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో విండోస్ యంత్రాలు కూలి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు; లోపమున్న ఫైలు గంటల్లోనే దొరికింది. ఎప్పుడో ఒకసారి కూలే ల్యాప్‌టాప్ సంగతి వేరు. అక్కడ సాక్ష్యమే దక్కదు. ఎందుకంటే కూలిన కెర్నెల్‌ను నమ్మి డిస్కు మీద రాయనిస్తే ఫైళ్లు పాడుకావచ్చు.

1990లలో లినక్స్ నిపుణులు సీరియల్ పోర్టుకు కేబుల్ తగిలించి, చివరి సందేశాలను పక్క కంప్యూటర్‌లో పట్టుకునేవారు. ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు మాయమయ్యాక తెరను ఫొటో తీయడమే చాలామందికి మిగిలింది. గ్రాఫిక్స్ నడుస్తుంటే తెర అలాగే బిగుసుకుపోయేది, ఫొటోకూ ఏమీ చిక్కేది కాదు. సందేశాలను నెట్‌వర్క్ మీదుగా పంపే నెట్‌కన్సోల్ కొంత ఆదుకుంది.

అసలు మలుపు 2005లో వచ్చింది. లినక్స్ 2.6.13లో చేరిన కెడంప్ కొంత మెమరీని ముందే కేటాయించి, అందులో రెండో కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతుంది. మొదటిది కూలగానే రెండోది లేచి పాత మెమరీ నకలును భద్రపరుస్తుంది. ఐబీఎంకు చెందిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ, వారితోపాటు ఎరిక్ బీడర్‌మన్ ఆ ఏడాదే ఒట్టావా లినక్స్ సదస్సు పత్రంలో దీన్ని వివరించారు. ఈ రంగంలో ఇంత తెలివైన ఆలోచన మరొకటి అరుదు.

కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ పుట్టిందీ 2005లోనే. దాని బైసెక్ట్ ఆదేశం వెయ్యి మార్పుల్లో దోషిని సుమారు పది పరీక్షల్లో పట్టిస్తుంది. అయితే అరుదుగా కూలే యంత్రంలో ఒక్కో కెర్నెల్‌ను రోజుల తరబడి నడిపితే తప్ప అది బాగుందని తేల్చలేరు. లోపం ర్యామ్‌లోనే ఉంటే ఆ శ్రమంతా వృథా; అందుకే 1990ల నాటి మెమ్‌టెస్ట్86 పరీక్ష ఇప్పటికీ ముందు చేయాల్సిన పనే.