డ్యూయల్ లేయర్ డిస్కుల రైటింగ్ వైఫల్యాలు (లినక్స్)

డ్యూయల్ లేయర్ డీవీడీలో రెండు పొరలకూ కలిపి సుమారు 8.5 జీబీ పడుతుంది. ప్లస్ ఆర్ రకంలో లేజర్ మొదటి పొరను లోపలి నుంచి అంచు వైపు, రెండోదాన్ని అంచు నుంచి లోపలికి రాస్తుంది. పని సగంలో ఆగితే ముందుగా అనుమానించాల్సింది ఈ మలుపునే. పొర మారే చోటును చేత్తో నిర్ణయిస్తే మొదటి పొర సెక్టార్ల సంఖ్య 16కు గుణిజంగా ఉండాలి. మొదటి పొర మొత్తం డేటాలో సగానికి తక్కువ కాకూడదు.

రైటింగ్ ప్రోగ్రామ్ గ్రోఐసోఎఫ్ఎస్ చూపే సెన్స్ కీ (లోప సంకేతం) మంచి ఆధారం. 5 వస్తే డ్రైవ్ ఆదేశాన్నే తిరస్కరించినట్టు: పరిమాణం, డిస్కు రకం సరిచూడాలి. 3 వస్తే మీడియా లోపమని అర్థం. అయితే తప్పంతా డిస్కుదే కానక్కర్లేదు. లెన్సు మీది దుమ్ము, నీరసించిన లేజర్, ఆ డిస్కును ఎరగని పాత ఫర్మ్‌వేర్ కూడా ఇదే అంకె చూపిస్తాయి. మరో తయారీదారు డిస్కు పెట్టి చూస్తే విషయం తేలుతుంది. వేగం తగ్గించడం మంచి సలహాయే, కానీ అతి తక్కువ వేగం ప్రతి డిస్కుకూ నప్పదు. ప్లస్ రకంలో ఉత్తుత్తి రైటింగ్‌కు వీల్లేదు గనుక ప్రతి పరీక్షకూ ఒక డిస్కు ఖర్చు. యూఎస్‌బీ డ్రైవ్ అయితే కరెంటు చాలకపోవడమూ కారణం కావచ్చు. అప్పుడు కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కనెక్షన్ తెగిన జాడ కనిపించవచ్చు.