గద్వాల కోట – జోడు పంచెలు

మూసారాంబాగ్‌లో స్థిరపడినా, గుమాస్తాగా పనిచేసిన గద్వాలను నేను మరువలేదు. కృష్ణా, తుంగభద్రల నడుమ, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న చిన్న పురపాలక పట్టణమది. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా కేంద్రమైంది.

అక్కడి మట్టికోటను 18వ శతాబ్దం తొలినాళ్ళలో సోమనాద్రి కట్టించాడు. పండితులను ఆదరించినందున 'విద్వద్గద్వాల' అని పేరొచ్చింది. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన పిమ్మట సంస్థానం అంతరించింది. కోటలో ఆమె పేరిట డిగ్రీ కళాశాల వెలిసింది. చెన్నకేశవస్వామి ఆలయం నిలిచింది. గోడలు, బురుజులు మాత్రం శిథిలమయ్యాయి.

ఆఫీసు వదిలాక సాయంత్రాలు అక్కడే తిరిగేవాణ్ణి. ఉద్యోగంలో ఎన్నో ఫైళ్ళు నడిపాను గాని, ఆ గోడల కోసం ఒక్క అర్జీ రాయలేదు. ఆ లోటు నాదే.

సంస్థానం నాటి ఆచారం ఒకటి మాత్రం తప్పలేదు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నేతగాళ్ళు నియమనిష్ఠలతో నేసిన 'ఏరువాడ జోడు పంచెలు' శ్రీవారికి అందుతాయి. రాజ్యం పోయినా ఆ మగ్గం ఆగలేదు. కోటకూ ఏటేటా అంత శ్రద్ధ దక్కివుంటే ఎంత బాగుండేది!

పింఛనుదారులం, మనకు తీరిక ఉంది. మనవలను వెంటబెట్టుకుని వెళ్ళి, మిగిలిన గోడలనైనా చూపిద్దాం. నేను రాయని అర్జీ వాళ్ళయినా రాస్తారేమో!